మద్దిలేటి ఇంటికి తాళం వేశారు, లోపల రాగి ఉంది

నిన్న పొద్దున పాలు స్టవ్ మీద పెట్టి నిలబడి ఉండగా వెనక వీధి కుర్రాడి నుంచి ఫోన్ వచ్చింది.

"సార్, మద్దిలేటన్న పోయినాడు సార్. కుర్చీలోనే."

ఏ మద్దిలేటి అని అడిగాను. నాకు తెలిసిన మద్దిలేటి ఒక్కడే. అయినా అడిగాను.

పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది.

నాకంటే చిన్నవాడు. కర్నూలు-కోడుమూరు రూట్లో బస్ కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. పెళ్లి చేసుకోలేదు. మా వెనక వీధిలో రాగి అనే ఆడకుక్కతో ఉండేవాడు. ఓర్వకల్లు గుట్టల దగ్గర కూనగా దొరికిందది.

మన వాట్సాప్ గ్రూప్‌లో మద్దిలేటి అంటే జోక్. కుక్కను శ్రీలంక టూర్‌కు తీసుకెళ్తానన్నవాడు కదా.

"దానికి కిటికీ సీటు బుక్ చేసినావా అప్పా?" అని అడిగినవాళ్లే నిన్నటి నుంచి పూలదండ బొమ్మలు పంపుతున్నారు. పేర్లు రాయను. ఎవరో మీకే తెలుసు.

ఎందుకు తీసుకెళ్లాలనుకున్నాడో మీలో ఒక్కరూ అడగలేదు. నేను చెబుతాను.

ఒకసారి తిరుపతి పోతూ రాగిని అన్న కొడుకు నాగరాజు దగ్గర వదిలాడు. తిరిగొచ్చేసరికి అది మిద్దె మీద, ఎండలో, కట్టేసి ఉంది. నీళ్ల గిన్నె ఉంది, తాడు అందనంత దూరంలో. ఆ తర్వాత మద్దిలేటి ఊరు దాటలేదు.

"సచ్చేలోగా సముద్రం దాటి చూడాలప్పా. పోతే అది కూడా రావల్ల. లేకుంటే నేనూ పోను" అనేవాడు.

దాని మెడలో చిప్ వేయించాడు. రేబీస్ సూది వేయించాడు. రక్తం ల్యాబ్‌కు పంపాడు. విమానంలో దాన్ని ఎక్కించడానికి ప్లాస్టిక్ పెట్టె కొన్నాడు. కానీ కుక్కను పైన తన పక్కన కాదు, కింద సామాన్లు పెట్టే చోట ఎక్కిస్తారని తెలిసిన రోజు నుంచి అతనికి భయం పట్టుకుంది.

ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి తల, భుజాలు ఆ పెట్టెలోకి దూర్చి బోర్లా పడుకుని ఉన్నాడు. కాళ్లు బయట. ఫోన్‌లో విమానం హోరు. రాగి అతని మడమలు నాకుతోంది.

"ఏమప్పా ఇది?"

"ఊపిరాడ్తాదో లేదో చూస్తాండా."

బయటికొచ్చేసరికి చొక్కా తడిసిపోయింది.

"ఊపిరి ఆడ్తాది. కానీ శానా భయమైతాదప్పా. నేను పైనే ఉండానని దానికి ఎట్ల చెప్పేది?"

చెప్పలేడు కాబట్టి నేర్పాడు. ఫోన్‌లో హోరు పెట్టి, బస్సులో అన్నట్టే "హోల్డాన్" అనేవాడు. అది పెట్టెలోకి పోవాలి. మొరగకూడదు. "రైట్ రైట్" అనేదాకా బయటికి రాకూడదు. చివరికి ఏ పెద్ద చప్పుడైనా, కుక్కర్ విజిల్ వినిపించినా వెళ్లి పెట్టెలో పడుకునేది.

నిన్న తప్పెట్లు మోగాయి.

పోయిన నక్షత్రం మంచిది కాదన్నారు. అలా పోతే మా వైపు ఇంటికి తాళం వేసి నెలల తరబడి వదిలేస్తారు. ఎవరూ అడుగుపెట్టరు. శవం గడప దాటగానే నాగరాజు తాళం వేశాడు.

"కుక్క యాడప్పా?" అన్నాను.

"తప్పెట్లకు బెదిరి యాటికో పోయింటాది సార్. పీడ పాయ."

ఈ రోజు పొద్దున పక్కింట్లో కుక్కర్ కూసింది.

తప్పెట్ల మోతకు అది పెట్టెలో దూరి ఉంటుంది, "రైట్ రైట్" అనేవాడు లేడు. రాగి ఎక్కడికీ పోలేదు.

నాగరాజు ఇంటికి పరుగులాంటి నడకతో వెళ్లాను. ఈ ఎండల్లో, తలుపులన్నీ మూసిన ఇంట్లో, నిన్నటి నుంచి నీళ్లు లేకుండా.

"బీగం తీయగూడదు సార్. తీసినోళ్లను ఆ కీడు వదలదు. మాకు పిల్లోళ్లుండారు."

"లోపల ప్రాణం ఉండాదిరా!"

"ఉంటే అరస్తాది గదా? యాడ వినిపిస్తాండాది?"

అరవొద్దని నేర్పాడురా అన్నాను. నవ్వాడు. నిన్న చిన్నాయనను మట్టిలో పెట్టి వచ్చినవాడు నవ్వాడు.

"మీరు సదువుకున్నోళ్లు, మీకేం సార్. మీరే పోండి."

తాళంచెవి నా చేతికి కూడా ఇవ్వలేదు. అరుగు మీద పెట్టి లోపలికి పోయాడు.

ఇలాంటివి నమ్మేవాళ్లను జీవితమంతా వెక్కిరించాను. ఇల్లంతా పుస్తకాలే. ఆ తలుపు ముందు మాత్రం తాళంచెవిని రెండుసార్లు తలకిందులుగా పెట్టాను. వీధి వీధంతా చూస్తోంది. ఒక్కరూ దగ్గరికి రాలేదు. మీలో ఇద్దరు ఉన్నారు అక్కడ.

పైగా నాకు కుక్కలంటే భయం. చిన్నప్పుడు కడపలో ఒకటి కరిచింది, బొడ్డు చుట్టూ సూదులు పొడిచారు. రాగిని ఇన్నేళ్లలో ఒక్కసారీ ముట్టుకోలేదు.

లోపల పొయ్యిలా ఉంది. అతను పోయిన చోట పెట్టిన దీపం కొండెక్కింది. వెనక గదిలో పెట్టె. దాని తలుపు తెరిచే ఉంది. చప్పుడు లేదు.

"రైట్ రైట్" అన్నాను. మళ్లీ అన్నాను.

ఏదీ కదల్లేదు.

చీకట్లోకి చెయ్యి పెట్టాను. వెచ్చగా తగిలింది. ఆ వేడి ప్రాణానిదో, గదిదో తెలియలేదు.

చాలాసేపటికి పక్కటెముకలు కదిలాయి.

నా పిలుపు దానికి లెక్కలేదు. కింద పరిచిన మద్దిలేటి లుంగీ పట్టుకుని, కుక్కతో సహా బయటికి ఈడ్చాను. దాని పళ్లు నా ముఖానికి జానెడు దూరంలో ఉన్నాయి. కరవలేదు. తల ఎత్తే ఓపిక కూడా లేదు. నోట్లో నీళ్లు కొద్దికొద్దిగా పోశాను. నాలుక కదిలింది.

ఇప్పుడు మా వరండాలో ఉంది. నీళ్లు తాగుతోంది. అన్నం ముట్టలేదు. ఆ ఇంట్లోకి పోయివచ్చానని జనం మా వాకిలి ముందు నడవడం మానేశారు. మంచిదే.

"ఆత్మకూరు అడివి కాడ ఇడిసిపెడ్తా, ఈయండి" అని నాగరాజు కబురంపాడు.

ఇవ్వను. నలుగురూ చదవాలనే ఇక్కడ రాస్తున్నాను.

కానీ భయంగా ఉంది. అది కదిలితే ఉలిక్కిపడుతున్నాను. కదలకపోతే ఇంకా భయం. నా వెనకా ఎవరూ లేరు. రేపు నా తలుపుకు తాళం పడితే, లోపల ఇంకో ప్రాణం ఉందేమోనని చూసేదెవరు?

కాబట్టి ఓదార్పులు వద్దు. నా తర్వాత దీన్ని ఎవరు చూసుకుంటారో, ఒక్కరు, కింద పేరు రాయండి.

మద్దిలేటీ, నీ రాగి బతికే ఉందప్పా. ఏ భయమూ లేని చోట హాయిగా పడుకో.