పసుపు తగలని చీర

పోయిన నెల అనంతపురంలో, మెట్లు వాటంతటవే పైకి పోయే ఒక పెద్ద బట్టల అంగడికి చీర వాపసు ఇవ్వడానికి వెళ్ళి, ఇవ్వనూ లేక తిరిగి తెచ్చుకోనూ లేక ఒక మధ్యాహ్నమంతా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుండిపోయాను. చీరకు మచ్చ లేదు, మడత విప్పలేదు, బిల్లు భద్రంగా నా చేతిసంచీలోనే ఉంది. అయినా గల్లా దగ్గరి అమ్మాయి చీర వైపు చూడకుండా మొదట నా ఫోను నెంబరు అడిగింది.

"చీర వాపసిస్తాండా. నెంబరుతో నీకేం పనమ్మా?" అన్నాను.

"నాకేం పనవ్వా, కంప్యూటర్ అడుగుతాండాది," అంది తల ఎత్తకుండా.

ఇంట్లో నాకు పేచీల అవ్వ అని పేరుంది. చెయ్యెత్తినా ఆపకుండా పోయిన బస్సు మీద డిపోకు, తూకం తగ్గించిన రేషను డీలరు మీద తాలూకాఫీసుకు, చీకట్లో వదిలేసిన లైన్‌మన్ మీద కరెంటాఫీసుకు అర్జీలు పెట్టినదాన్ని, అందులో ఒక్కదాన్నీ మరిచిపోనిదాన్ని. కాబట్టి ఆ రోజు కూడా నేను ఊరికే మొండికేశానని మీరు అనుకోవచ్చు. సంగతి అది కాదు. ఆ చీర మా మనవరాలి పెళ్ళికి తీసినది. తాంబూలాలు మార్చుకున్నాక ఆ సంబంధం తప్పిపోయింది. ఎందుకు తప్పిపోయిందో అడక్కండి, అంగట్లో చెప్పనిది మీకూ చెప్పను. మా కూతురికి ఆ చీరను బీరువాలో నుంచి తీయడానికే చేతులు రాలేదు. పిల్ల ఆఫీసుకు పోయిన వేళ చూసి, దాని కంట పడకుండా, దాని చెవిన పడకుండా ఈ పని ముగించి వస్తానని సంచీలో పెట్టుకుని బయలుదేరాను. ఎందుకంటే పెళ్ళి చీర వాపసు ఇవ్వడమంటే ఏమిటో మా ఇంట్లో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

మాది నల్లమాడ దగ్గర పల్లె. నాకు పెళ్ళీడు వచ్చేనాటికి చిలమత్తూరు వైపు ఒక ఊరి సంబంధం కుదిరి, తాంబూలాలు కూడా మార్చుకున్నారు. ఆ సంతోషంలో మా నాయన ధర్మవరంలో తనకు వాడుకైన అంగట్లో బచ్చలిపండు రంగు చీర తీశాడు. ఆ ఎండాకాలం ఎద్దులు చూడడానికి అటువైపు వెళ్ళినవాడు, వియ్యంకుడిని పలకరించి పోదామని ఆ ఊరి బావి మీదుగా నడిచాడట. అక్కడ ఆ వియ్యంకుడి ఇంటి పెద్దకోడలి నడుముకు మోకు కట్టి లోపలికి దించి ఉన్నారు. ఆమె అడుగున చేరి బండల సందు నుంచి ఊరే నీటిని చెంబుతో తోడి కుండలోకి పోస్తుంటే, పైన నలుగురు ఆడవాళ్ళు తాడు బిగబట్టుకుని నిలబడి ఉన్నారు. మా నాయన ఆ ఇంటి గడప ఎక్కకుండానే వెనక్కి తిరిగి వచ్చేశాడు. అన్నం ముందు కూర్చుని మా అమ్మతో, ఆ మోకు నా బిడ్డ నడుముకు వద్దు అన్నాడు, అంతే.

కానీ ఒకరి ఊరి నీళ్ళను వేలెత్తి చూపడం మా సీమలో తిట్టు కంటే పెద్ద మాట. ఈ ఏడు వాళ్ళ బావి ఎండింది, వచ్చే ఏడు మనది ఎండవచ్చు, అందులో ఎవరి తప్పు ఏముంది. అందుకని జాతకాలు కుదరలేదని ఒక పెద్దమనిషి చేత కబురు పంపి, అసలు సంగతి ప్రాణం పోయినా బయట అనకూడదని మా అందరి చేతా ఒట్టు వేయించుకున్నాడు.

ఆ రోజుల్లో మేము పోయే అంగళ్ళలో ఒక పద్ధతి ఉండేది, నా వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. కొత్త చీర చెరగుకు పసుపు పెట్టారంటే అది పిల్లదైపోయినట్టే, పెట్టలేదంటే ఇంకా అంగడిదే. పసుపు తగలని చీరను వెనక్కి తీసుకుని, దాని బదులు వేరే బట్టలు ఇచ్చేవారు. పెళ్ళి చీర ఎందుకు వెనక్కి వచ్చిందని అడగకపోవడం కూడా ఆ పద్ధతిలో ఒక భాగమేనని మా నాయన నమ్మాడు. ఆ నమ్మకంతోనే, బదులు చీరలు నువ్వే ఏరుకుందువు రా అని నన్నూ వెంటబెట్టుకుని కదిరిలో రైలెక్కించాడు. ధర్మవరంలో దిగాక వీధి వీధంతా మగ్గాల చప్పుడు వింటూ, కొత్త గాజులేసుకుని, పోతున్నది ఏ పనికో కూడా సగం మరిచి, నేను సంబరంగా నడిచాను.

అంగడాయన చెరగును వెలుతురుకు పట్టి పసుపు లేదని చూసుకున్నాడు. అక్కడితో అయిపోవలసింది. కానీ ఆయనకు ఆరా ఎక్కువ.

"ఏమప్పా, ఎందుకు తప్పిపోయింది?"

"జాతకాలు కుదరలేదన్నా," అన్నాడు మా నాయన.

"తాంబూలాలు మార్చుకున్నంక జాతకాలేందప్పా? అంతవరకూ మీ అయ్యవారు నిద్రపోతాండెనా?"

పరుపుల మీద కూర్చుని చీరలు చూస్తున్న వేరే పెళ్ళివారు నవ్వారు. ఆయనకు ఆ నవ్వు బాగున్నట్టుంది, నా వైపు తిరిగి పైనుంచి కిందికి చూసి, గొంతు తగ్గించినట్టే తగ్గించి అందరికీ వినబడేలా, "పిల్ల బాగుండాది గదా? ఏమన్నా ఉంటే దాచొద్దప్పా, తెలిసినోళ్ళలోనే ఎవరినన్నా చూస్తాం," అన్నాడు.

మోకు సంగతి చెబితే నా మీద పడిన మచ్చ తుడిచిపెట్టుకు పోతుంది, దానితోపాటు ఆ ఊరి పరువూ పోతుంది. చెప్పకపోతే లోపం నాదే. మా నాయన భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు, మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు, మళ్ళీ తీసి తుడుచుకున్నాడు. నోరు మాత్రం విప్పలేదు. నాకు లేచి వాకిట్లోకి పోవాలనిపించింది. కానీ నాకూ గుమ్మానికీ మధ్య ఎవరి పెళ్ళికో తీస్తున్న చీరలు పరుపుల నిండా పరిచి ఉన్నాయి, వాటిని తొక్కకుండా పోయే దారి లేదు. అందుకని ముందున్న చీరల్లో రెండింటి మీద చెయ్యి పెట్టి, ఇవి చాలన్నట్టు తల ఊపి, అవి కాగితంలో చుట్టేదాకా గోడను చూస్తూ కూర్చున్నాను.

ఆ నవ్విన వాళ్ళలో మా వైపు ఆమె ఒకతె ఉందని తరువాత తెలిసింది. పిల్లకేదో ఉండాదంట, తండ్రి నోరెత్తలేదంట అన్న మాట మా కంటే ముందే నల్లమాడ చేరింది. ఆ తరువాత వచ్చిన ప్రతి సంబంధం వాళ్ళూ నన్ను వాకిలి ఈ కొస నుంచి ఆ కొసకు నడిపించి చూశారు, సూదిలోకి దారం ఎక్కించమన్నారు, నీళ్ళబిందె ఎత్తమన్నారు. ఒకావిడ నా పళ్ళు కూడా చూసింది, ఎద్దుకు చూసినట్టు. చివరికి మంచి ఇంట్లోనే పడ్డాను, నా పెనిమిటి ఏనాడూ ఆ మాట ఎత్తలేదు. మా నాయన మాత్రం ఆ అంగటికే పోయి వచ్చేవాడు, మీ పిల్ల ఎట్లుండాదని ఆయన మరవకుండా అడిగినాడని సంతోషంగా చెప్పేవాడు. నేను ఆ వీధి ముఖం చూడలేదు. ఆ అంగడాయన పోయాడని విన్న రోజున కూడా నా కోపం రవ్వంత తగ్గలేదు, ఆ రెండు చీరలు ఏనాడూ కట్టలేదు.

ఇంత మోసినదాన్ని, అనంతపురం అంగట్లో నెంబరు చెప్పమంటే ఎట్లా చెబుతాను? చెప్పనన్నాను. అప్పటికే ఆ అమ్మాయి చీరకున్న గీతల చీటీ మీద ఎర్ర వెలుగు కొట్టి, చీరను తన వెనక అరలో పెట్టేసింది. అయితే నా చీర నాకిచ్చెయ్, పోతానన్నాను. వాపసు ఎక్కిపోయింది, ఇప్పుడు ఇవ్వడానికి రాదంది. అయితే డబ్బివ్వమన్నాను. నెంబరు లేకుండా అదీ రాదంది. మేనేజరు వచ్చి కుర్చీ వేయించి, మంచినీళ్ళు తెప్పించి, నా పేరు, ఊరు, పుట్టిన తేదీ ఎంతో మర్యాదగా అడిగాడు. నా పుట్టిన తేదీ మా అమ్మకే తెలియదన్నాను. మర్యాదగానే నవ్వి వెళ్ళిపోయాడు.

"ఎందుకు వాపసిస్తాండావో కూడా కొట్టల్లవ్వా," అంది ఆ అమ్మాయి. "రంగు నచ్చలేదా, సైజు చాలలేదా, చినిగిందా?"

"పెళ్ళి చీరకు సైజేందమ్మా?"

"ఏదో ఒకటి కొట్టకుంటే ఇది కదల్దు. రంగు నచ్చలేదని కొడతాలే."

మా మనవరాలు ఆ రంగును భుజాన వేసుకుని అద్దం ముందు నుంచి కదలకపోతే అన్నం చల్లారిపోతోందని అరిచినదాన్ని నేనే. అయినా సరేనన్నాను, ఆ అబద్ధమైనా దాన్ని కాపాడుతుందని. ఆ అమ్మాయి ఇంకేదో నొక్కింది. చీర కొన్న రోజున ఇచ్చిన నెంబరు అందులోనే ఉందట, ఓటీపీ దానికే పోయిందట. నేను వద్దనేలోపే పోయింది. అది నా నెంబరు కాదు, నా మనవరాలిది.

కాసేపటికి నా ఫోను మోగింది.

"అవ్వా, చీర అంగట్లో ఉండావా?"

ఫోను చెవికి అదిమి పెట్టుకుని గల్లాకు వీపు తిప్పాను.

"అంకెలు చెప్తా, ఆ అమ్మాయికిచ్చెయ్," అని, ఎవరో చుట్టాల ఇంటి నెంబరు చెప్పినట్టు నిదానంగా చెప్పింది. నేను తిరిగి ఆ అమ్మాయికి ఒప్పజెప్పాను. సాయంత్రం ఇంటికొచ్చాక, "నాకు చెప్పింటే నేనే ఇచ్చొస్తా ఉంటి గదవ్వా," అంది, అంతే.

ఆ పెళ్ళి జరగవలసిన రోజు మొన్ననే వచ్చి పోయింది. తెల్లవారగానే ఆ అంగడి నుంచి మా పిల్ల ఫోనుకు పేరు పెట్టి మరీ వివాహ శుభాకాంక్షలు వచ్చాయి, పక్కనే పట్టుచీరల మీద తగ్గింపు. కొన్న రోజున పెళ్ళి తేదీ కూడా రాయించుకున్నారట. చీర వెనక్కి పోయింది గాని తేదీ అక్కడే ఉండిపోయింది. నేను బిల్లు పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. గల్లా దగ్గర వేరే అమ్మాయి ఉంది. ఆ మెసేజీలు మేము పంపేవి కాదవ్వా, యాడినుంచి వస్తాయో మాకూ తెలీదంది. అబద్ధమాడుతున్నట్టు కూడా లేదు. ఆ ధర్మవరం ఆయన అడిగినందుకు ఆయనను ఇన్నేళ్ళు తిట్టుకున్నాను. అయితే నా పెళ్ళయిందని తెలిసిన నాటి నుంచి ఆయన అడిగే ప్రశ్న మారింది, మీ పిల్ల ఎట్లుండాదనే అడిగాడు. ఇప్పుడు అడిగే ఆ కంప్యూటరుకు అడగడమే గాని, విని తెలుసుకునే చెవి ఎక్కడా ఉన్నట్టు లేదు. ఇన్ని అర్జీలు రాసినదాన్ని, దీని మీద ఒకటి రాద్దామని కూర్చుంటే పైన ఎవరి పేరు రాయాలో తెలియలేదు.

నిన్న కూడా ఒకటి వచ్చింది. మా మనవరాలు అన్నం తింటూ ఎడమచేతి బొటనవేలితో దాన్ని తోసేసి, మజ్జిగ పొయ్యమంది. ముఖంలో ఏమీ మారలేదు. చూడు, పిల్ల మరిచిపోయిందని మా కూతురు సంబరంగా నా చెవిలో చెప్పింది. ఆనాడు ధర్మవరం అంగట్లో నా ముఖంలోనూ ఏమీ మారలేదు. నేను చీరల ధ్యాసలో ఉండి ఆయన మాట వినలేదనే మా నాయన అనుకున్నాడు. పోయేదాకా అట్లాగే అనుకున్నాడు.