కౌంటరులో కూర్చున్న పళ్ల డాక్టరమ్మ

ఫోన్లో "హలో" అన్న తీరును బట్టే ఏ పన్ను పుచ్చిందో చెప్పేయగలదు మన పళ్ల డాక్టరమ్మ. అంతటావిడ ఒక పళ్ల క్లినిక్‌లో తొమ్మిదేళ్లుగా చేస్తున్నది ఫోన్లెత్తి పేర్లు రాసుకోవడం. పట్టా పరాయి దేశానిది కాబట్టి ఐదేళ్ల చదువూ మళ్లీ మొదటినుంచి చదవమన్నారు.

మొన్న రూలు మారింది. పాత చదువు చెల్లుతుంది, పరీక్షాధికారి ముందు ఒక్క రోగికి వైద్యం చేసి చూపిస్తే లైసెన్సు.

"చేతులు మర్చిపోయుంటాయేమోనండీ," అంది భర్తతో.

"నా నోరుందిగా, ప్రాక్టీసు చేసుకో," అన్నాడాయన ధీమాగా. పళ్లు చూసే చిన్న అద్దం దగ్గరికి రాగానే దవడ బిగించేశాడు.

పరీక్షనాడు డాక్టరమ్మ గ్లవ్స్ తొడుక్కుని, అలవాటు కొద్దీ రోగితో, "పేరు, ఫోన్ నంబరు చెప్పి కూర్చోండి, డాక్టరుగారు వస్తారు," అంది.

పరీక్షాధికారి కళ్లజోడు పైనుంచి చూశాడు. "డాక్టరు మీరేనమ్మా."

ఆమె నాలుక కరుచుకుని పనిలోకి దిగింది. చేతులు ఏమీ మర్చిపోలేదు. పుచ్చు తీసి పన్ను పూడ్చేసరికి రోగి కునుకు తీస్తున్నాడు.

లైసెన్సు వచ్చిన సాయంత్రం భర్త పక్కింటివాళ్లను కూర్చోబెట్టాడు. "ఈవిడ పనితనం చూసి పరీక్షాధికారి చేతులు కట్టుకుని పక్కన నిలబడిపోయాడంటే నమ్మండి."

"చేతులేం కట్టుకోలేదు," అంది డాక్టరమ్మ. "లైటుకు అడ్డమొచ్చారు. జరగమన్నాను, జరిగారు."