తమ్ముని పేరున కట్టిన పన్ను

మా పెద్దన్న పుల్లయ్య తనకొక చొక్కా కొనుక్కోవాలన్నా తమ్మునికి కూడా ఒకటి కొనే మనిషి. చిన్నన్న రంగస్వామి లావు, పెద్దన్న పొడుగు. అయినా ఒకే తాను గుడ్డ తెచ్చి ఇద్దరికీ కుట్టించేవాడు. పండగపూట ఇద్దరూ ఒకే రంగు చొక్కాల్లో తిరుగుతుంటే బ్యాండుమేళం వాళ్ళలా ఉన్నారని నేను ఎగతాళి చేసేదాన్ని. పెద్దన్న నవ్వి ఊరుకునేవాడు. ఊరంతా మెచ్చుకునే గుణమే ఇది. నన్నడిగితే ఈ గుణమే ఆయన్ని నిలువునా తినేసింది.

మా ఊరు పత్తికొండకు అవతల. నలభై ఎకరాల మెట్ట మాది. వాన పడితే వేరుశనగ, పడకపోతే ఆకాశం వైపు చూడడం. నాయన పోయాక పాసుపుస్తకం పెద్దన్న ఒక్కడి పేరునే వచ్చింది. సగం నీది, సగం నాది అని అన్నదమ్ములిద్దరూ నోటిమాటగా అనుకున్నారు. నా వాటా సంగతి ఎవరూ ఎత్తలేదు. నా చేత, ఈ నాగజ్యోతి చేత, పెళ్ళినాడే సంతకం పెట్టించుకున్నారులెండి. ఇల్లు కూడా ఒకటే. మధ్యలో గోడ ఉంది, ఆ గోడకు ఒక తలుపు ఉంది. దానికి గడియ వేయగా నేనెప్పుడూ చూడలేదు.

సోలారు కంపెనీ వాళ్ళు వచ్చి ఆ నలభై ఎకరాలనూ కౌలుకు తీసుకున్నారు. వాన కోసం చూసిన నేలకు ఎండే అన్నం పెట్టింది. కౌలు డబ్బు పెద్దన్న ఖాతాలో పడేది. పడిన రోజే బ్యాంకుకు పోయి సగం తెచ్చి, ఆ తలుపులోంచి లోపలికి వెళ్ళి తమ్ముని చేతిలో పెట్టేవాడు. భూమి మీద వచ్చింది కాబట్టి అది పంట డబ్బేననీ, పంటకు పన్ను ఉండదనీ మావాళ్ళ లెక్క. అది పంట కాదు, అద్దె అని కర్నూలు ఆడిటరు చెప్పేదాకా ఎవరికీ తెలియదు. కంపెనీ కొంత పట్టుకుంటుందట. మిగిలింది ఏడాది గడిచేదాకా ఆగకుండా విడతల వారీగా ముందే ఆన్‌లైన్లో కట్టాలట.

ఆడిటరు ఇంకో మాట కూడా చెప్పాడు. భాగాలు పంచుకుని రిజిస్టరు చేయించుకుంటే కౌలు రెండు పేర్ల మీదకు పోతుంది, అప్పుడు ఎవరి సగమూ పన్ను హద్దు దాటదు, ఇద్దరిలో ఎవరికీ పన్ను పడదు అన్నాడు. తెలివైన మాట. నేనైతే మరునాడే రిజిస్టరు ఆఫీసులో ఉండేదాన్ని. పెద్దన్న మాత్రం తల అడ్డంగా ఊపాడట. కాగితం మీద భాగాలు రాసుకున్న ఇల్లు ఇల్లు కాదని ఆయన నమ్మకం. ఇల్లు ఒకటిగా ఉండడానికి అయ్యే ఖర్చు అనుకుని పన్ను కడతానన్నాడు. చిన్నన్న కూడా సరేనన్నాడు. తన సగంలోంచి సగం పన్ను పట్టుకొమ్మన్నాడు.

పెద్దన్న తప్పు చేసింది ఇక్కడే. ఆ తప్పు ఎలా చేశాడో నాకు బాగా తెలుసు, నేనూ ఆ ఇంట్లోనే పెరిగాను. నాయన, చిన్నాయన ఉమ్మడిగా ఉన్నా శిస్తు మాత్రం ఎవరి వాటాకు వాళ్ళ పేరున చెల్లేది. ఇద్దరి డబ్బూ నాయనే కరణం దగ్గరికి తీసుకుపోయి రెండు రసీదులు రాయించుకునేవాడు. తమ్ముని వాటా తన పేరున కట్టడమంటే తమ్ముణ్ణి లేకుండా చేయడమేనని నాయన అనేవాడు. పెద్దన్న అప్పుడు నాయన చెయ్యి పట్టుకుని వెంట నడిచిన పిల్లవాడు.

అందుకని పత్తికొండలో నెట్ సెంటరుకు పోయినప్పుడు పాన్ కార్డులు రెండూ తీసుకుపోయాడు. నగదు ఇచ్చాడు. సగం తన పేరున, సగం రంగస్వామి పేరున కట్టమన్నాడు. పాన్ నంబరు కొట్టి, ఏదో ఒక ఫోనుకు వచ్చిన అంకెలు చెబితే చాలు, ఎవరు ఎవరి పేరునైనా కట్టవచ్చు. డబ్బు ఎవరి ఖాతాలో పడిందో పన్ను కూడా వాళ్ళ పేరునే కట్టాలన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. జూన్‌లో అలాగే కట్టాడు, సెప్టెంబరులో, డిసెంబరులో కూడా అలాగే కట్టాడు. రసీదులు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చొక్కాలు ఉతుక్కు పోయాయి.

చిన్నన్న కొడుకు భూపేష్ బీటెక్ చదివి, ఉద్యోగం వచ్చేదాకా ఇంట్లో ఉన్నాడు. పెద్దనాయన పన్ను ఖాతా పాస్‌వర్డు వాడి దగ్గరే ఉండేది. దాచుకునేది ఏముందని పెద్దన్నే ఇచ్చాడు. సంక్రాంతి ముందు వాడొకరోజు ఫోనులో తెరిచి చూస్తే కట్టవలసిన దాంట్లో సగమే కనిపించింది. వాడు పోయి తండ్రికి చెప్పాడు. పెద్దనాయననే ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది. చదువుకున్న పిల్లలకు తెర మీద కనిపించేదే నిజం.

చిన్నన్న ఇంట్లో అడగలేదు. టమోటా మార్కెట్లో నలుగురి ముందు అడిగాడు.

"నా కాడ పట్టుకున్న దుడ్లు యాడికి పోయినాయి పుల్లయ్యా?"

అన్నా అనకుండా పేరు పెట్టి పిలిచాడు. పెద్దన్న నాకు ఫోన్ చేసి ముందు చెప్పింది అదే. దొంగ అని కూడా అన్నాడన్నది ఆ తర్వాత చెప్పాడు. "నీ పేరుననే కట్టినా రంగా" అని తాను అంటే, సూపించు అన్నాడట. చూపించడానికి ఏముంది? నెట్ సెంటరు వాడు రోజూ ఎంతమందికో కడతాడు, గుర్తు లేదన్నాడు. పైగా పాత కంప్యూటరు పోయి కొత్తది వచ్చింది. చిన్నన్న పాన్ మీద ఖాతా ఎప్పుడూ తెరిచిందే లేదు. తెరుద్దామంటే ఆధార్‌కున్న ఫోన్ నంబరు ఏనాడో చచ్చిపోయింది.

ఆ రోజు నుంచి గోడలో తలుపుకు అవతలివైపు గడియ పడింది. జనవరి కౌలు సగం తీసుకుని పెద్దన్న వీధి చుట్టూ తిరిగి పోతే, బ్యాంకులో వేయమని చిన్నన్న లోపలినుంచే చెప్పి పంపాడట. చేతికి కూడా తీసుకోలేదు. పెద్దన్న సరిగా తినడం లేదని వదిన ఏడ్చింది. ఎప్పుడు చూసినా ఫోను పట్టుకుని తన ఖాతా తెరుస్తాడు, మూస్తాడు, మళ్ళీ తెరుస్తాడు. తమ్ముని పేరున కట్టింది తన ఖాతాలో ఎలా కనిపిస్తుంది? ఎంత చెప్పినా వినేవాడు కాదు. నాకు చిన్నన్న మీద ఒళ్ళు మండింది. పెద్దన్న మీద అంతకంటే ఎక్కువ మండింది.

కడపలో నేను బండల ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తాను. ఈ కంప్యూటరు పనులు కొద్దోగొప్పో తెలుసు. సెలవు పెట్టి బస్సెక్కాను. చిన్నన్నను బతిమాలలేదు, తిట్టాను. తిడుతూనే ఆధార్ సెంటరుకు లాక్కుపోయి కొత్త నంబరు ఎక్కించాను. అది నమోదయ్యేదాకా ఊళ్ళోనే కూర్చున్నాను. ఒక పూట ఇటు, ఒక పూట అటు తిన్నాను.

నంబరు నమోదైన రోజు చిన్నన్న వసారాలో కూర్చుని ఆయన పేరున ఖాతా తెరిచాను. భూపేష్ నా వెనకే నిలబడ్డాడు. కట్టిన పన్నులు చూపించే చోట నొక్కితే వరసగా వచ్చాయి. డిసెంబరు, సెప్టెంబరు, జూన్. చిన్నన్న పేరు, చిన్నన్న పాన్, పట్టుకున్న డబ్బు రూపాయి తేడా లేకుండా. భూపేష్ చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. చిన్నన్న ఆ తెరను చాలాసేపు చూశాడు. ఆ మూడు విడతల్లోనూ అన్న తన పేరున చెల్లిస్తూనే ఉన్నాడని ఆయనకు అప్పుడు తెలిసింది.

లేచి గడియ తీశాడు. పెద్దన్న అవతల మంచం మీద ఉన్నాడు.

"అన్నా, కనపడినాదిలే. అంతా ఉండాది" అన్నాడు చిన్నన్న.

పెద్దన్న లేవలేదు. కోపంగా కూడా అనలేదు.

"కనపడినాక నమ్మేదానికి తమ్ముడేంటికప్పా. ఎవుడైనా నమ్ముతాడు."

చిన్నన్న ఆ మంచం కోడు పట్టుకుని కింద కూర్చుని ఏడ్చాడు. పెద్దన్న ఆయన తల మీద చెయ్యి వేశాడు. నేను బాగైపోయిందనుకున్నాను. తలుపు తెరుచుకుంది, ఆ రాత్రి అందరం ఒకచోటే తిన్నాం. ఆడిటరు మాత్రం చిన్నన్న పేరున పోయింది పెద్దన్నకు చెల్లదన్నాడు. చిన్నన్న రిటర్ను వేస్తే ఆ డబ్బు ఆయనకే వెనక్కు వస్తుందట. పెద్దన్న ఆ సగాన్ని వడ్డీతో మళ్ళీ కట్టాలట. పెద్దన్న ఆ పూటే కట్టేశాడు. చిన్నన్న డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

ఆ తర్వాత ఆయనే చిన్నన్నను పత్తికొండ రిజిస్టరు ఆఫీసుకు తీసుకుపోయి భాగాలు రాయించాడు. చిన్నన్న వద్దంటే వద్దన్నాడు, కాళ్ళు పట్టుకున్నాడు. నేనూ వద్దన్నాను. మొదట రాయించుకుంటే మేలనుకున్నదాన్ని నేనే, ఇప్పుడు వద్దని అడ్డం పడిందీ నేనే. పెద్దన్న వినలేదు. ఇంకోసారి నన్ను సూపియ్యమనే పరిస్థితి రాకూడదు, అంతే అన్నాడు. కౌలు ఎవరి సగం వాళ్ళ ఖాతాలో పడడం మొదలైంది. సగం డబ్బు తీసుకుని ఆ తలుపు దాటే పని ఆయనకు లేకుండా పోయింది.

జూన్ విడత గడువు దగ్గర పడగానే అలవాటు కొద్దీ ఫోన్ చేశాడు. ఎంత కట్టాలో చూసి చెప్పమ్మే అన్నాడు. చూశాను. ఆడిటరు చెప్పినట్టే జరిగింది, ఇద్దరిలో ఎవరూ కట్టవలసింది ఏమీ లేదు. సంతోషపడతాడేమోనని ఆ మాటే గట్టిగా చెప్పాను.

"కట్టేటప్పుడే బాగుండె పాపా" అన్నాడు.