మెర్వ్‌కి నచ్చే తుపాకీ

కొందరికి తాగుడు అలవాటు, కొందరికి గుర్రప్పందేలు అలవాటు. మా మెర్వ్ పాస్కోకి తుపాకీ ఎంచుకోవడం అలవాటు. కొనడం కాదు, ఎంచుకోవడం. ఈ రెండింటికీ ఎంత తేడా ఉందో తుపాకుల కొట్టు నడిపే నాలాంటిదాన్ని అడగాలి.

మా ఊరు రాటా బెండ్ మొత్తానికి నాదొక్కటే కొట్టు. గాలాలు, ఎరలు, రబ్బరు బూట్లు, వానకోట్లు, వెనక గోడకి గొలుసేసి తాళం పెట్టిన తుపాకులు. శనివారం పొద్దున బేకరీ తెరిచిన కాసేపటికి మెర్వ్ వస్తాడు. చేతిలో సగం తిన్న ఖీమా పై, అదే మాంసం కూరిన రొట్టె, ఉంటుంది. తుపాకులకి జిడ్డంటుతుందని నేను గొడవ చేస్తాను కాబట్టి దాన్ని బయట కిటికీ గట్టు మీద పెట్టి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, చర్చిలోకి వచ్చినట్టు టోపీ తీసి లోపలికొస్తాడు. ఆ ఖీమా పై అతనికి ఏనాడూ తిరిగి దక్కలేదు. మా కుక్క వారమంతా బద్ధకంగా పడుకున్నా శనివారం మాత్రం పెందలాడే లేస్తుంది.

"కొత్తవేమన్నా వచ్చాయా? చవకలో, గట్టిది, బోల్టుది?" అంటాడు. గుండు గుండుకీ చేత్తో వెనక్కి లాగి ముందుకి తోసే బోల్టు ఉంటే తప్ప అతని లెక్కలో అది తుపాకీయే కాదు. నేను తాళం తీసి ఒకటి ఇస్తాను. ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకుంటాడు. కళ్ళు మూసుకుంటాడు. తుపాకీని చెవి దగ్గర పెట్టుకుని, పక్కింటి రేడియో వింటున్నవాడిలా, బోల్టు మెల్లగా వెనక్కి లాగుతాడు, మెల్లగా ముందుకి తోస్తాడు. ఆనక నిట్టూరుస్తాడు.

"ఇది కొంచెం నవ్వుతోంది గ్లెనిస్."

అంటే లాగినప్పుడు కిర్రుమంటోందని. నాకు వినపడదు. చేసినవాడికీ వినపడి ఉండదు. కొండ మీది జింకకి మాత్రం వినపడుతుందట.

నవ్వని బోల్టు దొరికితే పిడి దగ్గర తగువు. కర్ర పిడి అయితే మా కోస్తా వానకి ఉబ్బుతుంది. ప్లాస్టిక్ పిడి అయితే కొమ్మకి తగిలి ఖాళీ డబ్బాలా మోగుతుంది. మెరిసే ఉక్కు గొట్టమైతే జింక అందులో మొహం చూసుకుంటుంది. నల్ల గొట్టమైతే తుప్పు పడుతుంది. తేలిగ్గా ఉంటే భుజాన్ని తంతుంది, బరువుగా ఉంటే తనకి వయసు మీద పడుతోంది. ఒకసారి నాకు ఒళ్ళు మండి, నువ్వు మోసే నోలా ఆంటీ తుపాకీ గేటు స్తంభమంత బరువు కదయ్యా అన్నాను.

"అది అలవాటైన బరువు," అన్నాడు మెర్వ్, ఏమాత్రం తొణక్కుండా.

ఈ నోలా ఆంటీ గురించి చెప్పాలి. వంతెన అవతల ఒంటరిగా ఉంటుంది. ఎనభై దాటింది. మొగుడు పోయాక అతని పాత త్రీ నాట్ త్రీ తుపాకీని అమ్మలేదు, లైసెన్సూ వదులుకోలేదు. రెన్యువల్‌కి వచ్చిన ఆఫీసరుకే ఇనప్పెట్టె ఎలా బిగించాలో పాఠం చెప్పి పంపింది. ఆవిడకి లేనిది ఒక్కటే, ఒకరి చేతి నుంచి ఊరికే తీసుకునే గుణం. ఓ క్రిస్మస్‌కి చర్చివాళ్ళు హామ్, అదే పందిమాంసం ముక్క పంపితే, దానికి రెండు రేగిపండ్ల జాము సీసాలు జతచేసి మర్నాడే తిప్పి పంపింది. హామ్ మీద కట్టిన రిబ్బను కూడా విప్పలేదు.

మెర్వ్ వేటకి వెళ్ళేది ఆవిడ తుపాకీతోనే. మా వైపు ఒక పద్ధతుంది. తుపాకీ ఎరువిచ్చినవాళ్ళకి జింకలో ఒక వెనక తొడ, వెన్నుమాంసం వెళ్ళాలి. దాన్ని తుపాకీ వాటా అంటాం. అది దానం కాదు, దయా కాదు. వేటగాడు మర్చిపోతే ఇంటికెళ్ళి మరీ అడగొచ్చు. నోలా ఆంటీ అడుగుతుంది కూడా. పోయిన శీతాకాలం తొడ కాస్త చిన్నదని వాకిట్లో నిలబెట్టి కడిగేసింది. "నా తుపాకీ సగం పేలిందా ఏమిటి?" అందట. మెర్వ్ తలొంచుకుని వెనక్కెళ్ళి రెండో తొడ కూడా తెచ్చిచ్చాడు.

తుపాకీ తిరిగిచ్చినప్పుడల్లా ఆవిడ అడిగే ప్రశ్న ఒకటే, ఇంకా కొనలేదా అని. ఇతను చెప్పే జవాబూ ఒకటే, ఎంచుతున్నానని. ఈ మెర్వ్ అంత పిసినారి ఈ నదికి ఇరువైపులా లేడని, తన తుపాకీని అరగదీస్తున్నాడని ఆవిడ ఊరంతా చెప్పేది. ఊరూ నమ్మింది. ఎరువు సొమ్ము బరువు చేటంటారు, నీకు సిగ్గులేదా అని నేనే అడిగాను. బరువైతే బరువే గానీ చేటేమీ లేదన్నాడు.

పోనీ, తుపాకుల సంగతి తెలియనివాడా అంటే, నా కొట్టుకి అంతకన్నా మంచి సేల్స్‌మన్ లేడు. కొత్తగా వచ్చిన స్కూలు టీచరమ్మ మొదటి తుపాకీ కోసం వస్తే, ఆవిణ్ణి కొట్టు మధ్యలో నేల మీద బోర్లా పడుకోబెట్టి, రబ్బరు బూట్ల డబ్బాకి గురి పెట్టించి, చెంప పిడి మీద ఎక్కడ ఆనాలో చూపించాడు. వానపాముల కోసం వచ్చిన ముగ్గురు ఆవిడ కాళ్ళు దాటుకుంటూ తిరిగారు. "తుపాకీ చవకది కొనమ్మా. గురి చూసే స్కోపు మంచిది కొను. బూట్లు ఇంకా మంచివి కొను. తుపాకీ రోజుకి ఒక్కసారి పేలుతుంది, కాళ్ళు పొద్దస్తమానం నడవాలి," అన్నాడు. ఆవిడ మూడూ కొనుక్కుని సంతోషంగా వెళ్ళింది. ఊరందరికీ సంబంధాలు కుదిర్చి తను మాత్రం బ్రహ్మచారిగా మిగిలిన మనిషంటే ఇతనే.

అందుకే నాకు పంతం పుట్టింది. చచ్చేలోగా ఈ మనిషికి ఒక్క తుపాకీ అంటగట్టి తీరాలనుకున్నాను. అవకాశం దానంతటదే వచ్చింది. మెర్వ్‌కి అరవై నిండుతున్నాయి. మా వేటగాళ్ళ క్లబ్బు పెద్ద ట్రెవర్ వచ్చి, అందరం తలా కాస్త వేసుకుందాం, పిసినారివాడి ముచ్చట మనమే తీర్చేద్దాం అన్నాడు. ఎంచే పని నాకు అప్పగించారు. కసితో ఎంచాను. బోల్టు వెన్నలా కదలాలి. పిడి ఉబ్బకూడదు, మోగకూడదు. గొట్టం మెరవకూడదు, తుప్పు పట్టకూడదు. బరువు మధ్యస్థం. ఎక్కడా వంక దొరక్కుండా అతని మాటలతోనే అతన్ని కట్టేశాను.

క్లబ్బు హాల్లో సాసేజీలు కాల్చి, కేకు కోసి, పెట్టె అతని చేతిలో పెట్టాం. మెర్వ్ తెరిచాడు. కోర్టు సమన్లు అందుకున్నవాడిలా మొహం పెట్టాడు. తుపాకీ ఎత్తి, కళ్ళు మూసుకుని, చెవి దగ్గర పెట్టుకుని బోల్టు లాగాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది. మళ్ళీ లాగాడు. మూడోసారి ఆశగా లాగాడు.

"బాగుంది," అన్నాడు, ఎవరో పోయారన్నట్టు.

అందరూ చప్పట్లు కొట్టారు. నోలా ఆంటీ అందరికంటే గట్టిగా కొట్టి, ఇక తన తుపాకీకి విశ్రాంతి, వచ్చే వారమే అమ్మేస్తానంది. అని చేతిలో ఉన్న రెండో సాసేజీని కాగితం రుమాల్లో చుట్టి సంచిలో పెట్టుకుంది. ఆవిడ అలా చెయ్యగా నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు కాదు, ఆ మర్నాడు మెర్వ్ వచ్చాడు. శనివారం కాదు, చేతిలో ఖీమా పై లేదు. కుక్క లేచి చూసి మళ్ళీ పడుకుంది. పెట్టె బల్ల మీద పెట్టి, దీంట్లో ఏదన్నా తప్పుందేమో చూడమన్నాడు. ఎంత చూసినా లేదన్నాను. ఇంకోసారి చూడు అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఊరంతా చేతిలో పెడితే వద్దనే మనిషిని నీ ఒక్కణ్ణే చూశానని అరిచాను. అతను టోపీని చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు.

"ఇది నాదైతే జింకంతా నాదే గ్లెనిస్," అన్నాడు చివరికి. "ఆవిడకి ఏమని ఇవ్వను?"

నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత రిబ్బను విప్పని హామ్ గుర్తొచ్చింది.

"ఊరికే ఇస్తే తీసుకోదు. తుపాకీ వాటా అయితే అడిగి మరీ పుచ్చుకుంటుంది. వచ్చే పెన్షను ఆ ఇంటి కట్టెలకే చాలదు. శీతాకాలం ఆవిడ పొయ్యి మీద ఉడికే మాంసం అదొక్కటే."

"మరి ఇన్ని శనివారాలూ నా ప్రాణం తీసిందెందుకు?"

"ఎంచకపోతే ఎలా? కొనే ఉద్దేశమే లేదని తెలిస్తే ఆవిడకి అనుమానం రాదూ?" అని, కాస్త సిగ్గుపడి, "పైగా ఎంచడం బాగుంటుంది," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. వెళ్ళి అతని భుజం మీద ఒక్క గుద్దు గుద్దాను. తుపాకీ తన్నినా అంత గట్టిగా తన్నదన్నాడు.

శుక్రవారం నోలా ఆంటీ తన త్రీ నాట్ త్రీని దుప్పటిలో చుట్టుకుని అమ్మడానికి వచ్చింది. అప్పటికి నేను ట్రెవర్‌ని పిలిచి, కారణం మాత్రం చెప్పకుండా, ఆ బహుమతిని కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం క్లబ్బు తుపాకీగా ఉంచడానికి ఒప్పించాను. ఆంటీకి మాత్రం అబద్ధమే చెప్పాను. ఆ తుపాకీ మెర్వ్‌కి కుదర్లేదని, బోల్టు మరీ మెత్తనని, అతని మొరటు చేతికి ఆనడం లేదని చెప్పాను. పుట్టి బుద్ధెరిగాక అంత మంచి బోల్టుకి అంత అన్యాయం నేనెన్నడూ చెయ్యలేదు.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తన తుపాకీని మళ్ళీ దుప్పటిలో చుట్టింది.

"నాకు తెలుసమ్మాయ్, ఆ పిసినారికి ఏదీ నచ్చదు," అంది. "పోనీలే, తొందరపడొద్దని చెప్పు. మంచిది దొరికేదాకా నిదానంగా ఎంచుకోమను."

వెళ్తూ వెళ్తూ ఒక బుడ్డి తుపాకీ నూనె, భుజానికి కొత్త తోలు పట్టీ కొంది. ఎరువిచ్చే వస్తువు శుభ్రంగా ఉండాలట. ఆవిడకి ఎంత తెలుసో, ఎన్నాళ్ళుగా తెలుసో నేను అడగలేదు.

మర్నాడు శనివారం. ఖీమా పై కిటికీ గట్టు మీదికి, అక్కణ్ణుంచి కుక్క కడుపులోకి వెళ్ళింది. కొత్తవేమన్నా వచ్చాయా అన్నాడు మెర్వ్. ఆ వారమే వచ్చినదాన్ని, చవకలో, గట్టిది, బోల్టుది, గోడ మీంచి తీశాను. అతని చేతికివ్వకుండా నేనే చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, బోల్టు వెనక్కి లాగాను.

"ఇది కొంచెం నవ్వుతోంది మెర్వ్," అన్నాను.

అతను తుపాకీ అందుకుని చాలాసేపు శ్రద్ధగా విన్నాడు.

"అవును, నవ్వుతోంది," అన్నాడు.