గ్రహాంతర జీవికి పెళ్లిచూపులు

మేం కుర్రాళ్లుగా ఉన్న రోజుల్లో సినిమా దయ్యాలకు ఓ పద్ధతీ పాడూ ఉండేవి. తెల్లచీర కట్టుకుని, జుట్టు విరబోసుకుని, పాట పాడి మరీ వచ్చేవి. నిమ్మకాయ చూపిస్తే వెళ్లిపోయేవి. పలాసలో ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చి, ఇంగ్లీషు సినిమాలు తెలుగు మాట్లాడడం మొదలెట్టాక అంతా తారుమారైంది. దయ్యం శ్మశానం మానేసి ప్రయోగశాలల్లోంచీ, ఆకాశంలోంచీ దిగసాగింది. దాని ముందు ఆంజనేయ దండకం చదివినా లాభం లేదు (పాపం, దానికి మన దేవుళ్లెవరూ తెలీదు). ఒళ్లంతా నల్లటి జిగురుతో నిగనిగలాడుతూ వచ్చేది. నాకు ఆ జిగురు పిచ్చి పట్టింది. టెక్కలిలో గుమాస్తాగా చేరాక కూడా వదల్లేదు.

నా పిచ్చికి ఆజ్యం పోసినవాడు మా మేనత్త కొడుకు. పెళ్లిళ్లకు వీడియోలు తీసేవాడు కాబట్టి ఊరంతా కెమెరా బావ అనేవారు. ముహూర్తాలు లేక పెళ్లిళ్లు ఆగిపోవడంతో కెమెరా ఖాళీగా ఉంది. ఉద్దానం జీడితోటలో గ్రహాంతర జీవి దిగుతుందని ఇద్దరం కథ అల్లేశాం. జీవిని నేనే. రబ్బరు ముసుగు ఎక్కడా దొరక్క, బావ జీడిపిక్కల తొక్కల నూనె డబ్బాతో దిగాడు. నల్లగా, చిక్కగా అచ్చం ఆ జిగురే. అది తగిలితే చర్మం కాలుతుందని పలాసలో పసిపిల్లలకైనా తెలుసు. నాకూ తెలుసు. కాకపోతే మాది బడిపంతుళ్ల కుటుంబం, పప్పు తినడమే గానీ పిక్క కొట్టి ఎరగం. మండదా బావా అని అడిగాను.

"పిక్కలు కొట్టే ఆడోళ్లు సేతులకి ఆముదం రాసుకునే గదేటి పని సేత్తన్నారు. నీ ముకానికీ ఆముదం రాత్తాను. ఏటీ అవదు" అన్నాడు.

చేతికీ ముఖానికీ తేడా ఉంటుందని డిగ్రీలు చదివిన మా ఇద్దరికీ తట్టలేదు. ఆముదం మీద నూనె దట్టించి, చేతులు చాపుకుని చెట్టు చాటునుంచి భయంకరంగా నడిచొచ్చాను. జీడిపళ్లు ఏరుకుంటున్న ఓ ముసలమ్మ తలెత్తి చూసి, ఏ ఊరు బాబూ, నూతిలో గాని పడ్డావా అని జాలిగా అడిగింది. బావ కెమెరా దించేసి, నీ ముఖంలో భయం పలకడం లేదన్నాడు. ఉసూరుమంటూ కడుక్కుని ఇంటికొచ్చాను.

భయం రెండు రోజులు ఆలస్యంగా పలికింది. పొద్దున్న లేచేసరికి కళ్లు సగమే తెరుచుకున్నాయి. ముఖమంతా బూరెలా పొంగి, పెదవులు వాచి, అక్కడక్కడ బొబ్బలెక్కింది. నన్ను చూసి అమ్మ చేతిలో కాఫీ వదిలేసింది. ఆవేళే టెక్కలిలో నా పెళ్లిచూపులు. ఫొటోలో ఆ అమ్మాయిని చూసినప్పటినుంచి నేను నిద్రలో కూడా నవ్వుకుంటున్నాను, చేసుకుంటే ఆవిడనే అని ఇంట్లో ప్రకటించేశాను కూడా. వాయిదా వేద్దామని నాన్న కబురంపితే, మర్నాడే ఆ అమ్మాయిని చూడ్డానికి భావనపాడు నుంచి ఇంకో సంబంధం వస్తోందని తెలిసింది. ఇంతలో బావ పరిగెత్తుకొచ్చాడు. నన్ను ఎగాదిగా చూశాడు. కాళ్లమీద పడతాడేమో అనుకున్నాను.

"కదలకురా, కెమెరా తెత్తానుండు" అన్నాడు.

ఆ ముఖంతోనే వెళ్లాం. నన్ను చూడగానే పెళ్లికూతురి తండ్రి కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. నాన్న సర్దిచెప్పబోయి, జీడినూనె, ఆముదం, వేరే గ్రహం అని వరసగా చెప్పి, తనకే అర్థంకాక ఆగిపోయారు. అమ్మాయి కాఫీ తెచ్చింది, నన్ను చూసింది, పైట నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది. ఏడుస్తోందనుకున్నాం. లోపల్నుంచి నవ్వు వినిపించింది, ఆగకుండా. ఇక నా బతుకు ఇంతేనని తల వంచుకున్నాను (కనురెప్పలు ముందే వంగి ఉన్నాయి). చివరికి వాళ్లమ్మ బయటికొచ్చి, వాపు తగ్గాక ఓసారి రమ్మంటోందని చెప్పారు. భావనపాడు వాళ్లను రావద్దన్నారట.

ముఖం మామూలయ్యాక నున్నగా గెడ్డం గీసుకుని, పౌడరు అద్దుకుని మళ్లీ వెళ్లాను. ఈసారి మాట్లాడుకోమని ఇద్దరినీ వసారాలో కూర్చోబెట్టారు. ఆవిడ నన్ను పరీక్షగా చూసింది. పెద్దగా సంతోషించినట్టు లేదు.

"మొన్నొచ్చినోరే బావున్నారండి" అంది. అయినా ఒప్పుకుంది.

ఇదంతా జరిగి పాతికేళ్లు దాటింది. బావ తీసిన క్యాసెట్టు బూజు పట్టిపోయింది. మా పిల్లలు అంతకన్నా ఘోరమైన జీవుల్ని ఫోనులో చూస్తూ నిశ్చింతగా అన్నం తింటారు. నిన్న నేను అద్దం ముందు తల దువ్వుకుంటుంటే, వెనకనుంచి చూసి ఆవిడ తనలో తను నవ్వుకుంది. ఏమిటని అడిగితే, ఏట్లేదు, ఆయన గుర్తొచ్చారు అంది. నిజం చెప్పొద్దూ, ఆ వాచిన ముఖం కుర్రాడంటే నాకు ఇప్పటికీ కాస్త అసూయే. వాడు నవ్వించినట్టు ఆవిడను నవ్వించడం మళ్లీ నావల్ల కాలేదు.