ఆ గ్లాసు నింపింది నేనే

నలభై ఏళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డుపడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. చదివాక మీరు తిట్టినా నాకు సగమే వినిపిస్తుంది. నా ఎడమ చెవి పనిచేయదు.

ఆ చెవి పోగొట్టింది నా భర్త. రాజోలు దగ్గర మా ఊళ్లో బడి పంతులు. పొద్దున పిల్లలకి ఎక్కాలు, సాయంత్రం సారా. ఎనభైల మొదట్లో ఒకరోజు అన్నం చల్లారిపోయిందని ఇత్తడి చెంబుతో కొట్టారు. ఆస్పత్రిలో కాంపౌండరు గారు ఏమైందని అడగలేదు. కట్టు కట్టాక మాత్రం, "మా చర్చి వెనక గదిలో ఆదివారం మజ్జానం తాగుడు మానాలనుకునేవాళ్లం కూర్చుంటామమ్మా. నేనూ మానినవాణ్ణే. మాస్టారిని తీసుకురండి" అన్నారు.

నేనే తీసుకెళ్లాను. ఒంటరిగా వెళ్లనని మొండికేస్తే ప్రతి ఆదివారం ఆయన వెనకాలే నడిచాను. మగవాళ్లు గదిలో, మేం ఆడవాళ్లం వరండాలో. కిటికీలోంచి అంతా వినపడేది. ఒక్కొక్కరూ లేచి, తాగి చేసిన పాడు పనులన్నీ చెప్పుకునేవారు. ఆయన మానేశారు. నిజంగానే మానేశారు. అందులో అబద్ధం చెప్పను.

ఆయన వంతు వచ్చిన రోజు నేను కుడి చెవి కిటికీకి ఆనించి కూర్చున్నాను. "మైకంలో మా ఇంటావిడ మీద ఒకటి రెండుసార్లు చెయ్యి చేసుకున్నానండి" అన్నారు. ఒకటి రెండుసార్లట. చెంబు మాట లేదు, చెవి మాట లేదు. లోపల అందరూ కళ్లు తుడుచుకున్నారు. బయటికొచ్చాక భుజం తట్టారు. పాస్టరుగారైతే మరుసటి వారం ప్రసంగంలోనే ఆయన్ని మెచ్చుకున్నారు. దారిలో ఆడవాళ్లు నన్ను ఆపి, ఎంత అదృష్టవంతురాలివమ్మా అన్నారు. నన్ను కొట్టినందుకు నాకు తప్ప ఊరందరికీ క్షమాపణ చెప్పుకున్నాడు ఆ మనిషి. ఇంటికొచ్చి చారులో ఉప్పు తక్కువైందన్నాడు.

నాకు కావలసింది ఒక్క మాట. నీ చెవి నేనే పోగొట్టాను అంటే చాలనుకున్నాను. ఆ మాట కోసం ఏడాది ఎదురుచూశాను. ఎదురుచూశానా, కాచుకున్నానా? బియ్యం డబ్బాలో ఆయన దాచి మరిచిపోయిన సారా సీసా, ఆయన మానేసిన రెండో నెలలోనే నాకు దొరికింది. పారబోయలేదు. పాత చీరలో చుట్టి నా పెట్టెలో పెట్టుకున్నాను. అప్పటికే మనసులో ఉందా? ఉంది. ఇంకా దాచడం ఎందుకు.

ఆ గదిలో ఒక ఆనవాయితీ ఉండేది. మానేసి ఏడాది నిండినవాడికి, ఇంట్లో అతను సారా తాగిన గ్లాసులోనే భార్య కొబ్బరినీళ్లు పోసి అందరి ముందూ ఇవ్వాలి. అతను ఒక్క గుక్కలో తాగి, ఖాళీ గ్లాసు బోర్లించి చూపించాలి. ఆ ఆదివారం మా పెరట్లో కాయలు దింపించి, నీళ్లు ఆ ఇత్తడి చెంబులోనే పట్టాను. దాచిన సారా అంతా అందులో కలిపాను. గదిలో అందరి ముందూ ఆయన గ్లాసులోకి వంచి ఇచ్చాను. పెళ్లయ్యాక అంత నిమ్మళంగా ఏ పనీ చేయలేదు.

గ్లాసు పెదాలకి తగలగానే ఆయన ఆగారు. నా వైపు చూశారు. నేను కళ్లు దించలేదు. చుట్టూ అందరూ చప్పట్లు కొట్టడానికి సిద్ధంగా ఉన్నారు. ఆయన చివరి చుక్క దాకా తాగి గ్లాసు బోర్లించారు.

ఇంటికి వెళ్తుంటే కాలవ గట్టు మీద నేనే అడిగాను.

"తెలిసిందా?"

"వాసనకే తెలిసింది."

"మరెందుకు తాగేరు?"

"అందరి ముందూ నువ్విచ్చేవు. వద్దని పక్కన పెట్టేస్తే నీ పరువేం కాను?"

నాకు ఒళ్లు మండిపోయింది. చూశారా, అక్కడ కూడా మంచివాడు ఆయనే. నా పరువు కోసమే తాగారా? ఏడాది ఎండిన నాలుక లాగితే తాగి, నా పేరు చెప్పారా? ఈ ప్రశ్న నాకు నేను ఎన్నిసార్లు వేసుకున్నానో చెప్పలేను. జవాబు తెలిసిన మనిషి ఇప్పుడు లేరు.

మర్నాడు బడి నుంచి తిన్నగా సారా కొట్టుకి వెళ్లారు. మళ్లీ ఆ గదికి రాలేదు. కాంపౌండరు గారు రెండుసార్లు ఇంటికొచ్చి, ఎక్కడ పొరపాటు జరిగిందో తెలియడం లేదమ్మా అని బాధపడ్డారు. మజ్జిగ ఇచ్చి పంపాను. మా ఆయన మాత్రం ఎవరికీ చెప్పలేదు. నన్ను తిట్టలేదు. ఎంత తాగినా మళ్లీ నా మీద చెయ్యెత్తలేదు. మూడేళ్లకి పచ్చకామెర్లు వచ్చి పోయారు. సమాధి దగ్గర ఆడవాళ్లంతా నన్ను పట్టుకుని, ఎంత ఓర్చుకున్నావమ్మా అని ఏడ్చారు. నేను కాదనలేదు.

బాగుపడే చోటికి ఆయన్ని తీసుకెళ్లింది నేను. అక్కడే ఆయన్ని పడేసిందీ నేనే. కోపం పోయిందా అంటే, లేదు. చెవిలో హోరు మొదలైనప్పుడల్లా, బాగా చేశాను అనిపిస్తుంది. అది ఆగాక భయమేస్తుంది. అయినా ఆయనలా సగం చెప్పి మీచేత కళ్లు తుడిపించుకోవడం లేదు. సారా కలిపింది నేనే. తెలిసే కలిపాను. ఇది రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే. క్షమించమని మిమ్మల్ని అడగను. ఆయన అడగాల్సింది నన్ను, అడగలేదు. నేను అడగాల్సింది ఆయన్ని. మూడేళ్లు ఒకే ఇంట్లో ఉండి కూడా అడగలేదు.