బురదలో బగ్గీ నడిపిన అక్క

రాయపూర్‌లో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో కాలేజీల పోటీ కోసం కరెంటు బగ్గీ తయారుచేసే మా జట్టును నడిపింది ఒక సీనియర్ అక్క. శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడ్డ రైల్వే కుటుంబం వాళ్లది. మేం ఎంత వాదించినా తను ఎదురు వాదించేది కాదు. “ఛోడ్ నా, సూద్దాం పదవే” అని వాదన అక్కడే వదిలేసి లేచేది.

గుట్టలూ గుంటలూ దాటే బండికి ఒకే పెద్ద మోటారు, గేర్లు ఉండాలని తన అభిప్రాయం. వెనక చక్రాల్లో చెరో మోటారు పెడితే గేర్ల బరువే ఉండదని నేను పట్టుబట్టాను. చివరికి నేను చెప్పినట్టే బిగించింది.

వాన వెలిసిన ఒక మధ్యాహ్నం ధర్సీవా దగ్గరి పొలంలో బగ్గీని తనే నడిపింది. నీళ్లు దూరి ఒక చక్రంలో మోటారు ఆగిపోయింది. రెండోది ఆగలేదు. బండి ఉన్నచోటే గిరగిరా తిరగసాగింది. నాకు ఏడుపొచ్చింది. అక్క మాత్రం ఆపకుండా, ఒళ్లంతా బురదతో పగలబడి నవ్వుతోంది. దిగి వచ్చి, “ఇప్పుడు నువ్వు కూకోయే, మజాగా ఉంది” అంది.

తర్వాత ఒకే మోటారు, గేర్లు పెట్టాం. పోటీలో బగ్గీ మట్టిదిబ్బను ఆగకుండా ఎక్కేసింది. డిజైన్ ఎవరిదని జడ్జి అడిగితే అక్క నన్ను ముందుకు తోసి, హిందీలో చెప్పింది: “ఈ అమ్మాయిదే సర్. ఏది పనిచెయ్యదో ముందు కనిపెట్టింది తనే.”